కొలిమిలో కుదిరిన మొండితనం
ఇనుము – అయస్కాంతం: 6వ భాగం

గత భాగంలో పంతొమ్మిదో శతాబ్దం చివరి రోజుల దగ్గర ఆగాం. అయస్కాంత లోహం ఏదైనా సరే, వేడి ఒక హద్దు దాటితే దాని అయస్కాంత గుణం పోతుందని అప్పటికే తేలింది. 1895లో పియర్ క్యూరీ సమర్పించిన పరిశోధన తర్వాత ఆ హద్దు ఆయన పేరుతోనే క్యూరీ ఉష్ణోగ్రతగా స్థిరపడింది. నికెల్‌కు అది సుమారు 358 డిగ్రీల సెల్సియస్, ఇనుముకు 770, కోబాల్ట్‌కు 1,120 పైచిలుకు. దానికి కొన్నేళ్ల ముందే ఇంగ్లండ్‌లో జాన్ హాప్‌కిన్సన్ ఒక వింత ఉక్కును పరిశీలించిన సంగతి కూడా చెప్పుకున్నాం. 25 శాతం నికెల్ కలిసిన ఆ ఉక్కు మామూలు గది వేడిలో అయస్కాంతానికి అంటుకోదు. సున్నా డిగ్రీల కిందికి చల్లారిస్తే అంటుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ వేడిచేసినా, దాదాపు 580 డిగ్రీల వరకూ ఆ గుణాన్ని వదలదు. ఒకే లోహం, ఒకే పాళ్లు, ఒకే వేడి, అయినా దాని ప్రవర్తన అంతకు ముందు అది ఏ వేడిని, ఏ చలిని చూసి వచ్చిందన్న దానిమీద ఆధారపడి ఉంది. హాప్‌కిన్సన్ ఈ చిక్కుముడిని విప్పలేకపోయాడు. నలభై ఏళ్ల తర్వాత టోక్యోలో ఒక లోహశాస్త్రజ్ఞుడు అదే ముడిని పట్టుకుని లాగితే, వేడికి జంకని అయస్కాంతం బయటపడింది. ఈ భాగం ఆ కథ.

కథలోకి వెళ్లే ముందు ఒక ప్రశ్న. ఇనుము 770 డిగ్రీల దాకా అయస్కాంత గుణాన్ని నిలుపుకోగలిగినప్పుడు, ఇనుముతో చేసిన అయస్కాంతం కూడా అంతవరకూ, కనీసం అందులో సగం వరకైనా పనిచేయాలి కదా? పంతొమ్మిదో శతాబ్దపు ఉక్కు అయస్కాంతాలు నీళ్లు మరిగే వేడికే చతికిలపడేవి. 770కీ 100కీ మధ్య ఉన్న ఈ అగాధమే ఇరవయ్యో శతాబ్దపు అయస్కాంత చరిత్రను నడిపించింది. క్యూరీ ఉష్ణోగ్రత లోహానికి ప్రకృతి పెట్టిన పైకప్పు మాత్రమే. ఆ కప్పు కింద ఎంత ఎత్తు వరకు నిలబడగలమన్నది లోహం లోపలి నిర్మాణం తేలుస్తుంది. ఆ నిర్మాణం ఎంత వేడిలో కుదురుకుందో, ఇంచుమించు అంత వేడి వరకే అది చెక్కుచెదరకుండా ఉంటుంది. వేడికి తట్టుకునే అయస్కాంతం కావాలంటే దాన్ని వేడిలోనే రూపుదిద్దాలి. 1917 నుంచి 1940 దాకా జపాన్‌లోనూ యూరప్‌లోనూ జరిగిన పోటీలన్నీ, పాల్గొన్నవారికి తెలిసో తెలియకో, ఈ ఒక్క సూత్రం వైపే నడిచాయి.

మరిగే నీళ్లతో సరిపెట్టుకున్న కాలం

పాత ఉక్కు అయస్కాంతం బలం ఎక్కడి నుంచి వచ్చేదో చూద్దాం. అయస్కాంతానికి రెండు గుణాలు కావాలి. ఒకటి, బలంగా అయస్కాంతీకరణ చెందడం. రెండోది, బయటి నుంచి ఎదురు క్షేత్రం వచ్చి తుడిచేయబోతే తుడిపించుకోకుండా మొండికేయడం. ఈ రెండో గుణాన్నే శాస్త్రంలో కోయెర్సివిటీ అంటారు, ఓర్‌స్టెడ్‌లలో కొలుస్తారు. మెత్తని ఇనుముకు మొదటిది పుష్కలంగా ఉంటుంది, రెండోది దాదాపు శూన్యం. ఉక్కుకు ఆ మొండితనం ఎలా వస్తుందంటే, ఎర్రగా కాలిన ఉక్కును ఒక్కసారిగా నీళ్లలోనో నూనెలోనో ముంచినప్పుడు కార్బన్ పరమాణువులకు బయటపడే వ్యవధి ఉండదు. అవి ఇనుప స్ఫటికాల మధ్య ఇరుక్కుపోయి, లోపలంతా బిగువు ఏర్పడుతుంది. ఆ బిగువు అయస్కాంత దిశల మార్పుకు అడ్డం పడుతుంది. కత్తికి పదును నిలిపే బిగువూ, అయస్కాంతానికి బలం నిలిపే బిగువూ ఒకటే. అయితే ఇది బలవంతంగా బిగించిన స్థితి. కాస్త వేడి తగిలితే చాలు, కార్బన్ పరమాణువులు మెల్లగా కదిలి సర్దుకోవడం మొదలుపెడతాయి. వాటితోపాటే మొండితనమూ జారిపోతుంది. ఒక్కసారి పోయాక, చల్లారినా తిరిగి రాదు.

ఈ నష్టాన్ని ఆపలేమని తెలుసుకున్న పనివాళ్లు దాన్ని ముందుగానే భరించే ఉపాయం కనిపెట్టారు. 1880లలో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో స్ట్రౌహాల్, బారుస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికొక పద్ధతి ఏర్పరిచారు. గట్టిపరిచిన ఉక్కును 100 డిగ్రీల ఆవిరిలో గంటల తరబడి ఉంచుతారు. తర్వాత అయస్కాంతీకరించి మళ్లీ కొన్ని గంటలు ఆవిరి పడతారు. పోవాల్సిన బలమేదో ముందే పోతుంది, మిగిలింది నిలకడగా ఉంటుంది. కొలత పరికరాలు చేసేవాళ్లకు ఇది ప్రాణాధారమైంది. ఇంటింటికీ విద్యుత్తు రావడం మొదలైన ఆ రోజుల్లో మీటర్‌లో తిరిగే పళ్లేన్ని అదుపుచేసేది ఒక అయస్కాంతమే. దాని బలం తగ్గితే పళ్లెం వేగంగా తిరుగుతుంది, వాడని కరెంటుకు కూడా బిల్లు పడుతుంది. ఎండ తగిలే గోడమీద ఏళ్ల తరబడి వేలాడే ఆ పెట్టెలో అయస్కాంతం నిలకడగా ఉండడం వినియోగదారుడి జేబుకు సంబంధించిన విషయం. బలాన్ని కొంత వదులుకుని నిలకడను కొనుక్కోవడమే ఆనాటి రాజీ. టంగ్‌స్టన్ కలిపిన ఉక్కు వచ్చాక మొండితనం 70 ఓర్‌స్టెడ్‌ల దాకా పెరిగింది. మేరీ క్యూరీ తన తొలి పరిశోధనలో, రేడియం జోలికి వెళ్లకముందు, గట్టిపరిచిన ఇలాంటి ఉక్కుల అయస్కాంత గుణాలనే కొలిచింది. పదార్థం మెరుగుపడినా సూత్రం మారలేదు. నీట ముంచి బిగించిన బలం, వేడి తగిలితే సడలే బలం.

సెండాయ్: యుద్ధం పెట్టిన పరీక్ష

మోటారు వాహనాలూ విమానాలూ వచ్చాక ఈ రాజీ చాలలేదు. ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలో ఒక బలమైన అయస్కాంతం ఉండాలి. అది ఇంజన్‌కు ఆనుకునే ఉంటుంది కాబట్టి వేడీ, అదురూ రెండూ తప్పవు. మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే జపాన్‌కు యూరప్ నుంచి, ముఖ్యంగా జర్మనీ నుంచి వచ్చే అయస్కాంతపు ఉక్కు ఆగిపోయింది. తమ ఉక్కు తామే చేసుకోక తప్పని పరిస్థితి. ఆ పని నెత్తికెత్తుకున్నవాడు సెండాయ్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న హొండా కోతారో. 1870లో పుట్టిన హొండా భౌతికశాస్త్రం చదివి, జర్మనీలో గొట్టింగెన్‌లో లోహాల మీద పరిశోధన చేసి తిరిగొచ్చినవాడు. ఉక్కును కమ్మరి కంటితోనూ, భౌతికశాస్త్రజ్ఞుడి కొలతలతోనూ చూడగలగడం ఆయన ప్రత్యేకత. సుమిటోమో వ్యాపార కుటుంబపు పెద్ద కిచిజాయెమోన్ సుమిటోమో ఈ పరిశోధనకు విరాళమిచ్చాడు. 1917లో హొండా, ఆయన సహాయకుడు తకాగి కలిసి తయారుచేసిన ఉక్కుకు దాత పేరులోని అక్షరాలతో కె.ఎస్. అని పేరు పెట్టారు. అందులో కోబాల్ట్ సుమారు 35 శాతం, దానికి తోడు టంగ్‌స్టన్, క్రోమియం, కొద్దిగా కార్బన్. మొండితనం 250 ఓర్‌స్టెడ్‌లు. అప్పటికి వాడుకలో ఉన్న ఉక్కులకు మూడు రెట్లు పైనే.

కె.ఎస్. ఉక్కు గొప్పదనాన్ని ఎంత చెప్పుకున్నా తక్కువే. యూరప్ నుంచి కొనుక్కునే దేశం యూరప్‌కు నేర్పే స్థాయికి ఎదిగింది. అయినా దాన్ని లోపలి నుంచి చూస్తే ఇది పాత వంశంలో చివరి చక్రవర్తి తప్ప కొత్త వంశకర్త కాదు. కె.ఎస్. కూడా ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచే ఉక్కే. దాని మొండితనానికి ఆధారం ఇరికించిన కార్బన్, దానివల్ల పుట్టిన బిగువు. కోబాల్ట్ వల్ల క్యూరీ హద్దు పైకి జరిగింది గానీ, నిర్మాణం సడలిపోయే వేడి దానితోపాటు అంతగా జరగలేదు. పైకప్పును ఎంత ఎత్తుకు లేపినా నిచ్చెన మాత్రం అంతే ఉండిపోయింది. మరో చిక్కు ధర. కోబాల్ట్ దొరికే చోట్లు ప్రపంచంలో కొద్దే. బెల్జియం ఏలుబడిలోని కాంగో, కెనడాలోని ఆంటారియో వంటి కొన్ని ప్రాంతాల నుంచే అది రావాలి. మూడో వంతుకు పైగా కోబాల్ట్ ఉన్న ఉక్కు కొలత పరికరాలకూ విమానాలకూ సరిపోతుందేమో గానీ, ప్రతి ఇంటి రేడియోకూ టెలిఫోన్‌కూ పెట్టే పదార్థం మాత్రం కాదు.

టోక్యో: కార్బన్ లేని అయస్కాంతం

కొత్త వంశం టోక్యోలో మొదలైంది. మిషిమా తొకుషిచి 1893లో అవాజి ద్వీపంలో కిజుమి అనే కుటుంబంలో పుట్టి, తర్వాత మిషిమా కుటుంబానికి దత్తుడయ్యాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో లోహశాస్త్రం బోధించేవాడు. ఆయనకు పట్టిన సమస్య హాప్‌కిన్సన్ వదిలివెళ్లినదే. పాతిక శాతానికి పైగా నికెల్ ఉన్న ఇనుముకు అయస్కాంత గుణం ఎందుకు పోతుంది? ఇంకేదైనా మూలకం కలిపితే తిరిగి వస్తుందా? ఒక్కో మూలకాన్నీ కలిపి చూస్తూ అల్యూమినియం దగ్గరికి వచ్చాడు. పోయిన గుణం తిరిగి రావడమే కాదు, కె.ఎస్. ఉక్కుకు కూడా లేనంత మొండితనం కనబడింది. 1931లో ఆయన పేటెంటుకు పెట్టిన ఈ మిశ్రలోహంలో సుమారు 58 పాళ్లు ఇనుము, 30 పాళ్లు నికెల్, 12 పాళ్లు అల్యూమినియం. ఖరీదైన కోబాల్ట్ లేదు. ఉక్కుకు ప్రాణమనుకున్న కార్బన్ అవసరమే లేదు. తాను పుట్టిన కుటుంబం, దత్తు వెళ్లిన కుటుంబం రెంటి పేర్లూ కలిపి మిషిమా దీనికి ఎం.కె. అని పేరు పెట్టాడు. మొండితనం కె.ఎస్.కు రెట్టింపు పైమాటే.

అన్నిటికన్నా ముఖ్యమైన తేడా దాన్ని సిద్ధంచేసే పద్ధతిలో ఉంది. పాత ఉక్కుకు కావలసింది మంటలోంచి నీళ్లలోకి ఒక్క మునక. ఎం.కె.ను మొదట 1,200 డిగ్రీలకు పైగా వేడిచేస్తారు. ఆ వేడిలో మూడు లోహాలూ ఒకే ముద్దగా కలిసిపోతాయి. అక్కడినుంచి ఒక అదుపులో చల్లార్చి, మళ్లీ 600, 700 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంచుతారు. పాత ఉక్కును ఆ వేడికి గురిచేస్తే అయస్కాంతంగా దాని కథ ముగిసినట్టే. ఎం.కె. మాత్రం అక్కడే బలం పుంజుకుంటుంది. చల్లారే దారిలో లోపల జరిగేదేమిటంటే, పాలు విరిగి నీరూ ముద్దా వేరుపడినట్టు, ఒకటిగా కలిసి ఉన్న లోహం తనంతట తాను రెండు రకాలుగా విడిపోతుంది. ఒక రకంలో ఇనుము పాలెక్కువ, అది గట్టి అయస్కాంతం. ఇంకో రకంలో నికెల్, అల్యూమినియం ఎక్కువ, దానికి అయస్కాంత గుణం అంతంతమాత్రం. ఇనుము ఎక్కువున్న రేణువులు మిల్లీమీటర్‌లో లక్షో వంతు ప్రమాణంలో, ఒకదానికొకటి తగలకుండా రెండో రకం మధ్యలో ఉండిపోతాయి. అంత చిన్న రేణువులో అయస్కాంత దిశ ముక్కలు ముక్కలుగా మారే వీలు లేదు. మారితే మొత్తం ఒకేసారి మారాలి. అందుకు చాలా బలమైన ఎదురు క్షేత్రం కావాలి. ఈ మొండితనం ఇరుకున పెట్టి బిగించిన స్థితి నుంచి రాలేదు. 600 డిగ్రీల పైన లోహం తీరిగ్గా సర్దుకున్న స్థితి నుంచి వచ్చింది. అంచేత 500 డిగ్రీల వేడి దాన్ని ఏమీ చేయలేదు.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. మిషిమా అయస్కాంతం చేయాలని బయలుదేరలేదు, అది అనుకోకుండా తగిలింది. అలాంటప్పుడు ఇందులో సూత్రం ఎక్కడుంది, అదృష్టం తప్ప? అదృష్టం పాలు ఉందని ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ అదృష్టం ఎవరి గుమ్మం తొక్కిందో గమనించాలి. కార్బన్‌ను మెరుగుపరిచే దారిలో ఉన్నవాళ్లకు అది తగల్లేదు, తగిలే వీలూ లేదు. లోహం ఏ వేడిని చూసి వచ్చిందన్న దాన్నిబట్టి అయస్కాంత గుణం ఎలా మారుతుందో వెదుకుతున్నవాడికే తగిలింది. హాప్‌కిన్సన్ ప్రశ్నలో సమాధానం సగం దాగి ఉంది. చిన్న రేణువుల సంగతీ విడిపోవడం సంగతీ 1931లో మిషిమాకు స్పష్టంగా తెలియకపోవచ్చు. ఏ వేడి దగ్గర ఎంతసేపు ఉంచితే గుణం పెరుగుతుందో, ఎక్కడ తగ్గుతుందో ఓపిగ్గా కొలవడం మాత్రం ఆయన ఉద్దేశపూర్వకంగా చేసిన పనే. ఆ కొలతలు లేకపోతే ఎం.కె. ప్రయోగశాలలో మిగిలిపోయిన ఒక విడ్డూరం అయ్యేది.

పోటీ ఊరుకోలేదు. హొండా అప్పటికి తొహోకు విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు. తన ఉక్కును టోక్యోవాళ్లు దాటిపోతే సెండాయ్ చూస్తూ ఉండదు. రెండు మూడేళ్లలోనే మసుమోతో, షిరకావా అనే సహచరులతో కలిసి ఆయన కొత్త కె.ఎస్.ను తెచ్చాడు. కోబాల్ట్, నికెల్, టైటానియం కలిసిన ఈ లోహం మొండితనంలో ఎం.కె.ను కూడా మించింది. విచిత్రమేమిటంటే, ఈ గెలుపు కోసం హొండా బృందం తమ పాత దారిని వదులుకుంది. కొత్త కె.ఎస్.కూ బలం కార్బన్ బిగువు నుంచి రాలేదు. వేడిలో విడిపోయే లోహం నుంచే వచ్చింది. పోటీలో సెండాయ్ పైచేయి సాధించినా, సూత్రంలో టోక్యో గెలిచింది. తర్వాతి కాలంలో జపాన్ ఇద్దరినీ సమానంగానే నెత్తిన పెట్టుకుంది. సంస్కృతి పురస్కారం హొండాకు 1937లో, మిషిమాకు 1950లో దక్కింది.

ఐండ్‌హోవెన్: రెండు హద్దులు కలిసిన చోటు

ఎం.కె. కబురు పడమటికి త్వరగానే చేరింది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విలియం రూడర్, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ ఉక్కు పరిశ్రమ వాళ్లు ఇదే మిశ్రమానికి కోబాల్ట్, రాగి కలిపి మెరుగుపరిచారు. ఇనుముతో అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన ఈ కుటుంబానికే అల్నికో అని పేరు. ఖరీదని వెళ్లగొట్టిన కోబాల్ట్ మళ్లీ ఎందుకు అడుగుపెట్టింది? బలం కోసమే అన్నది సగం జవాబు. మిగతా సగం 1938లో షెఫీల్డ్‌లో జరిగిన ఒక ప్రయోగంతో బయటపడింది. ఆలివర్, షెడెన్ అనే ఇద్దరు పరిశోధకులు అల్నికోను చల్లార్చేటప్పుడు దాన్ని ఒక అయస్కాంత క్షేత్రంలో పెట్టి చూశారు. ఆ దిశలో బలం కొద్దిగా పెరిగింది. ఆ కొద్దిపాటి మెరుగు చూసి వదిలేసి ఉంటే కథ అక్కడే ఆగేది. హాలండ్‌లోని ఐండ్‌హోవెన్‌లో, ఫిలిప్స్ కంపెనీ పరిశోధకులు కోబాల్ట్‌ను 24 శాతం దాకా పెంచి అదే ప్రయోగం చేశారు. ఫలితం అనూహ్యంగా వచ్చింది. ఒక అయస్కాంతం ఎంత శక్తిని నిలవ చేసుకుంటుందో చెప్పే కొలత ఎం.కె.కు సుమారు ఒకటిన్నర లోపే ఉండగా, ఈ కొత్త అయస్కాంతానికి అదే ప్రమాణంలో అయిదు దాటింది. టంగ్‌స్టన్ ఉక్కుకు అది ఒకటిలో మూడో వంతు మాత్రమే.

తేడా ఎందుకొచ్చిందో చూస్తే ఈ వ్యాసం మొదట్లో వేసుకున్న ప్రశ్నకు అసలు జవాబు దొరుకుతుంది. లోహం రెండుగా విడిపోయేది 800, 850 డిగ్రీల ప్రాంతంలో. బయటి క్షేత్రం ఆ విడిపోవడాన్ని ఒక దిశలోకి మళ్లించాలంటే, సరిగ్గా ఆ వేడి దగ్గర లోహానికి అయస్కాంత గుణం ఉండి తీరాలి. లేకపోతే క్షేత్రానికి పట్టు దొరకదు. కోబాల్ట్ తక్కువున్న మిశ్రమాల్లో విడిపోవడం మొదలయ్యే వేడి దగ్గర ఈ గుణం ఇంకా అంతగా ఉండదు. 24 శాతం కోబాల్ట్ ఉన్నప్పుడు క్యూరీ ఉష్ణోగ్రత 850కి పైకి పోతుంది. అప్పుడు పుట్టే ఇనుప రేణువులు క్షేత్రం దిశలోనే సన్నగా, పొడుగ్గా పెరుగుతాయి. 30, 40 నానోమీటర్ల మందం, దానికి కొన్ని రెట్ల పొడవు. సన్నని కడ్డీ తన పొడవు దిశలోనే అయస్కాంతంగా ఉండడానికి ఇష్టపడుతుంది కాబట్టి మొండితనం, బలం రెండూ ఒకే దిశలో పోగవుతాయి. ప్రకృతి పెట్టిన పైకప్పూ, మనిషి కట్టిన నిర్మాణమూ వేర్వేరు విషయాలని ఇందాక అనుకున్నాం. ఐండ్‌హోవెన్‌లో ఆ రెండూ ఒకదానికొకటి చేయందించుకున్నాయి. కప్పు ఎత్తుగా ఉంటేనే నిర్మాణం సరైన రూపంలో కట్టగలం. నిర్మాణం ఉంటేనే ఆ కప్పు ఎత్తు మనకు పనికొస్తుంది.

ఈ రకం, అంటే అల్నికో 5, తయారయ్యే తీరు చూస్తే ఆ సూత్రం కంటికి కనబడుతుంది. విద్యుత్ కొలిమిలో ముందు ఇనుము, కోబాల్ట్, నికెల్, రాగి కరిగిస్తారు. గాలి తగిలితే కాలిపోయే అల్యూమినియాన్ని చివర్లో వేస్తారు. ఇసుక మూసల్లో పోత పోస్తారు. పోతపోసిన ముక్క గాజులా పెళుసు, కాబట్టి దాన్ని లేతులో చెక్కడం, రంధ్రం వేయడం కుదరదు. కావలసిన ఆకారం మూసలోనే రావాలి, తర్వాత సానరాయి మీద అరగదీయడం ఒక్కటే దారి. ముక్కను 1,250 డిగ్రీలకు కాచి, బలమైన విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్య పెట్టి సెకనుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున చల్లారుస్తారు. వేగం పెరిగినా తగ్గినా రేణువుల పరిమాణం చెడుతుంది. ఆపైన 600 డిగ్రీల చుట్టూ చాలా గంటలు ఉంచితే రెండు రకాల మధ్య తేడా ఇంకా పదునెక్కి మొండితనం 640 ఓర్‌స్టెడ్‌ల దాకా చేరుతుంది. ఇంకా మంచి రకం కావాలనుకునే వాళ్లు మూస గోడల్ని ముందే బాగా కాచి, అడుగున మాత్రం చల్లని లోహపు పలక పెడతారు. గడ్డకట్టడం అడుగు నుంచి పైకి సాగి, స్ఫటికాలన్నీ నిలువు స్తంభాలుగా ఒకే వరుసలో పెరుగుతాయి. ప్రతి అడుగులోనూ అయస్కాంతాన్ని తీర్చిదిద్దేది వేడే.

ఇంట్లో, గొడ్ల కొట్టంలో, యుద్ధంలో

ఈ మార్పు జనజీవితంలోకి చప్పున దిగింది. 1930ల రేడియోల్లో చాలావాటి లౌడ్‌స్పీకర్‌లో అయస్కాంతం ఉండేది కాదు, తీగచుట్ట ఉండేది. దానికి ప్రత్యేకంగా కరెంటు పెట్టి అయస్కాంతంగా మార్చాల్సి వచ్చేది. అరచేతిలో పట్టే అల్నికో ముక్క ఆ చుట్టనూ, అది తినే కరెంటునూ తప్పించింది. టెలిఫోన్ గొట్టం తేలికైంది. మీటర్‌లో అయస్కాంతం కుంచించుకుపోయింది. పశువులు మేతతోపాటు మేకులు, తీగముక్కలు మింగి కడుపు చీల్చుకోకుండా, అమెరికా రైతులు ఒక నున్నని అల్నికో కడ్డీని ఆవు చేత మింగించే అలవాటు చేసుకున్నారు. ఇనుప ముక్కలన్నీ దానికే అంటుకుని కడుపులో ఒకచోట పడి ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధంలో రాడార్‌కు గుండెకాయ అయిన మాగ్నెట్రాన్ నడవాలంటే బలమైన, నిలకడైన అయస్కాంత క్షేత్రం కావాలి. విమానంలో అమర్చే రాడార్‌కు కరెంటు మింగే బరువైన విద్యుదయస్కాంతం పనికిరాదు. ఆ చోటును అల్నికో గుర్రపు నాడాలు నింపాయి. ఈనాటికీ చిన్న విమానాల పిస్టన్ ఇంజన్ల మాగ్నెటోల్లో అల్నికో కనిపిస్తుంది. ఇంజన్ వేడి దాన్ని ఇబ్బంది పెట్టదు. ప్రతి డిగ్రీకి దాని బలం తగ్గేది 0.02 శాతం మాత్రమే, ఆ తగ్గుదల కూడా చల్లారగానే తిరిగొస్తుంది.

లోపల జరిగేది ఇదేనని ఎలా తెలుసు అని ఎవరైనా అడగొచ్చు. తయారీ ముందు, వివరణ తర్వాత వచ్చిన కథ ఇది. 1930ల చివర్లో బ్రిటన్‌లో బ్రాడ్లీ, టేలర్‌లు ఎక్స్‌కిరణాలతో ఇనుము, నికెల్, అల్యూమినియం మిశ్రమాల్ని పరీక్షించి, ఇందులో దాదాపు ఒకే రకమైన రెండు స్ఫటికాలు కలిసి ఉంటాయని చూపారు. 1948లో లీడ్స్‌లో స్టోనర్, వోల్‌ఫార్త్‌లు పొడవైన చిన్న రేణువు ఎందుకంత మొండిగా ఉంటుందో లెక్కగట్టి చెప్పారు. 1952లో బెల్ ప్రయోగశాలలో హైడెన్‌రైక్, నెస్బిట్‌లు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆ కడ్డీల్ని కళ్లారా చూశారు. లోహం రెండుగా విడిపోయే తీరుకు గణిత సిద్ధాంతం 1961లో జాన్ కాన్ చేతిలో పూర్తిరూపం దాల్చింది. ముప్ఫై ఏళ్లు పట్టింది. ఎవరికి వాళ్లు వేర్వేరు దారుల్లో వచ్చినా, మిషిమా కొలిమి చెప్పిన మాటనే అందరూ బలపరిచారు.

రెండు అభ్యంతరాలకు ఇంకా జవాబు బాకీ ఉంది. మొదటిది, హొండా గానీ మిషిమా గానీ వేడిని తట్టుకోవడం కోసం పోటీపడలేదు, వాళ్లకు కావలసింది బలం, వేడిని తట్టుకోవడం కొసరుగా వచ్చిందే కదా అని. నిజమే, వాళ్ల పేటెంట్లలో మొండితనానిదే పెద్దపీట. అయితే స్ట్రౌహాల్, బారుస్‌ల కాలం నుంచే పరికరాలు చేసేవాళ్లు నిలకడను బలంతో సమానంగా చూశారు. అంతకన్నా ముఖ్యంగా, ఇక్కడ కొసరుకూ అసలుకూ మూలం ఒకటే. ఎక్కువ వేడిలో కుదురుకున్న నిర్మాణమే బలాన్నీ ఇచ్చింది, నిలకడనూ ఇచ్చింది. రెండో అభ్యంతరం ఈనాటిది. 1980లలో వచ్చిన నియోడిమియం అయస్కాంతాలు అల్నికోను శక్తిలో ఎన్నో రెట్లు మించాయి, మరి ఈ పాత లోహం గొడవ ఎందుకు? నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన ఆ అయస్కాంతం క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 312 డిగ్రీలే. మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడతాయి. ఖరీదైన డిస్ప్రోసియం కలిపితే 200 దాకా లాక్కురావచ్చు. గది వేడిలో అది రాజు, కొలిమి పక్కన మాత్రం 1940 నాటి అల్నికోదే రాజ్యం. అల్నికో 500 డిగ్రీల పైన కూడా పనిచేస్తుంది. ఎవరు బలవంతులన్న ప్రశ్నకు ఎంత వేడిలో అన్న ఎదురు ప్రశ్న వేయకుండా జవాబు చెప్పడం కుదరదు.

అల్నికోకు లోటు లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. 640 ఓర్‌స్టెడ్‌ల మొండితనం ఆ రోజుల్లో గొప్పే గానీ, బలమైన ఎదురు క్షేత్రం తగిలినా, పొట్టిగా పలకలా చేసినా అల్నికో సులభంగా లొంగిపోతుంది. అందుకే దాన్ని ఎప్పుడూ పొడుగు కడ్డీగానో, గుర్రపు నాడాగానో చేస్తారు. రేణువు ఆకారం నుంచి వచ్చే మొండితనానికి ఒక పరిమితి ఉంది, ఆ పరిమితికి 1950ల నాటికి దగ్గరగా వచ్చేశారు. అంతకు మించి పోవాలంటే ఆకారాన్ని నమ్ముకోవడం మాని, స్ఫటికం లోపలే ఒక దిశను గట్టిగా పట్టుకునే కొత్త పదార్థం కావాలి. దానికితోడు కోబాల్ట్ మీద ఆధారపడడం ఎప్పటికైనా ముప్పే.

ఆ రెండు సమస్యలకూ రెండు వేర్వేరు చోట్ల నుంచి జవాబులు వచ్చాయి. ఒకటి మళ్లీ ఐండ్‌హోవెన్ నుంచే. 1950ల మొదట్లో ఫిలిప్స్ వాళ్లు తుప్పు లాంటి ఇనుప ఆక్సైడ్‌తో చేసిన చవక అయస్కాంతం అల్నికో మార్కెట్‌ను కొల్లగొట్టింది, కానీ వేడి దగ్గర దాని పప్పులు ఉడకలేదు. రెండోది అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని వైమానిక దళ పరిశోధనశాల నుంచి. 1966లో కార్ల్ స్ట్రనాట్ బృందం అరుదైన మృత్తిక లోహాల్ని కోబాల్ట్‌తో కలిపి మొండితనాన్ని ఊహించని ఎత్తుకు చేర్చింది. వచ్చే భాగంలో ఆ సమారియం-కోబాల్ట్ కథ చెప్పుకుందాం. వేడికి బాగా నిలిచే దాని రెండో తరంలో ఇనుము మళ్లీ ఎలా చోటు సంపాదించుకుందో, 800 డిగ్రీల పైన గంటల తరబడి ఉంచే ఆ తయారీలో మిషిమా సూత్రం ఎలా తిరిగి తలెత్తిందో చూద్దాం. 1978లో కాంగో, అంటే ఆనాటి జైర్‌లో చెలరేగిన పోరు కోబాల్ట్ ధరల్ని ఎక్కడికి తీసుకెళ్లిందో, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల ఆ విద్యను ఎందుకు చేపట్టాల్సి వచ్చిందో, ఆ దారి 2023లో విశాఖపట్నంలో జాతికి అంకితమైన అయస్కాంత కర్మాగారం దాకా ఎలా సాగిందో కూడా అందులోనే వస్తుంది.